ఓడల కూత విన్నవాడు

సోములమ్మను సామాన్ల గదిలోకి తోసి బయట గడియ పెట్టేశారు. పగలే అయినా లోపల చీకటి. తలుపు సందులోంచి వసారా చీలికంత కనిపిస్తోంది. సాయంత్రం పోలీసులొచ్చి కొండ దింపేస్తారట. బయటెక్కడో ఆమె చంటిది గుక్కపట్టి ఏడుస్తోంది. చనుబాలు చేపి కట్టుకున్న గుడ్డ తడిసిపోయింది.

“కంటె నాను సూడనేదు బాబూ! పిల్లకి పాలియ్యనీండి!”



కాఫీతోట ఆసామి సర్వేశ్వరరావు తల్లి అచ్చియమ్మ. భోజనాలయ్యాక ఇల్లంతా కునుకు తీస్తుండగా ఆవిడ బంగారు కంటె పెట్టెలోంచి మాయమైంది. అందరి వేళ్లూ పనిమనిషి సోములమ్మనే చూపించాయి. ఏదో పని మీద చింతపల్లి వచ్చిన ప్రైవేటు డిటెక్టివు వరహాలుకు, ఆయన సహాయకుడు పోలయ్యకు కబురు వెళ్లగానే ఇద్దరూ వచ్చారు.

సందులోంచి సోములమ్మకు గంగరాజు కనిపించాడు. సర్వేశ్వరరావు మేనల్లుడు. ఇంత వేసవి ఉక్కలోనూ కోటు విప్పలేదు.

“కునుకు వేళ మీరెక్కడున్నారు?” వరహాలు అడిగాడు.

“మావయ్య వైర్‌లెస్ గదిలో. హెడ్‌ఫోను పెట్టుకుని కూర్చున్నాను. విశాఖ ఓడలు పంపే సంకేతాల కూతలు ఎంత బాగా వినిపించాయో! టీ వేళ దాకా లేవనేలేదు.”

“నాకీ విద్య కొత్త. ఓనమాలు చెబుదురూ,” అన్నాడు వరహాలు.

సర్వేశ్వరరావు దొంగతనం సంగతే మరిచిపోయాడు. “అదిగో, పైన వెదుళ్ల మధ్య రాగితీగ ఉందే, అది ఏరియల్. గాలిలో సంకేతాన్ని పట్టేది అదే. దానికి కొక్కెంతో తగిలించిన తీగ గదిలోకి తెస్తుంది. లోపల స్ఫటికం మీద సూది ఆనిస్తే చెవిలో మోగుతుంది. ఎర్తు తీగ భూమిలోకి పోతుంది.”

“ఏరియల్ లేకపోతే?”

“చెవుల్లో దూది పెట్టుకున్నట్టే!”

“మరి దాని మీద చీర ఆరుతోందేమండీ?” అన్నాడు పోలయ్య.

“మడిచీర నాయనా,” అంది అచ్చియమ్మ. “దండెం మీదైతే ఎవరో ఒకరు తగులుతారు. ఆ తీగ ఎవరికీ అందదు. స్నానం కాగానే కర్రతో ఆరేసి, పొద్దు వాలాక తీస్తాను.”

“గదిలో ఎవరైనా ఆ తీగ ముట్టుకుంటే?” అడిగాడు వరహాలు.

“ఆపాటి తెలివి లేదనుకున్నావా? మైల తీగ వెంట పాకి రాదూ! అందుకే ముందు కర్రతో కొక్కెం ఊడదీస్తాను. చీర తీశాకే తగిలిస్తాను.”

“అమ్మా! పగలంతా ఏమీ వినపడనిది ఇందుకా? నేను స్ఫటికాన్ని తిట్టుకుంటున్నాను!” సర్వేశ్వరరావు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

పోలయ్య తన గురువును కళ్లప్పగించి చూస్తున్నాడు. వరహాలు అందర్నీ సోములమ్మ ఉన్న గది ముందుకు పిలిచాడు.

“కొక్కెం ఇంకా గాలిలోనే వేలాడుతోంది, చూడండి. పొద్దున్నుంచీ ఆ వైర్‌లెస్‌లో ఈగ మోత కూడా వినిపించి ఉండదు. మరి గంగరాజుగారి ఓడ ఏ దారిన వచ్చింది? ఆయన ఆ గదిలో లేరు. మరెక్కడున్నారో ఇంత ఉక్కలో విప్పని ఆ కోటు చెబుతుంది. పోలయ్యా, జేబులు చూడు.”

పోలయ్య చెయ్యి పడకముందే గంగరాజు విసిరిన కంటె నేల మీద ఖంగుమంది.

“మద్రాసు పోనిమ్మని ఎన్నిసార్లు అడిగాను మావయ్యా? ఈ కొండల్లో నన్ను కట్టిపడేశావు!”

“అందుకని ఈవిణ్ణి కట్టిపడేయించారా?” వరహాలు స్వయంగా గడియ తీశాడు.

వెలుతురుకు సోములమ్మ కళ్లు చికిలించింది. ఎవరినీ చూడకుండా వెళ్లి పిల్లను ఎత్తుకుని రొమ్ముకు అదుముకుంది. ఏడుపు ఆగింది.

“ఏదో పొరపాటైపోయింది. రేపు బేగి రావే,” అంది అచ్చియమ్మ.

సోములమ్మ మెట్టు మీద ఆగింది.

“నాను రాను,” అంది.