తిరగలి తిరిగే సర్కారు ఇల్లు

ఆలూరు కచేరీ వెనకాల ఉన్న సర్కారు ఇంటి పక్కగా చీకటిపడితే కుక్క కూడా పోదనేవాళ్లు. అందులో కాపురమున్న రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గాబ్రియేలు కలరాతో పోయాడు. పెళ్లాం బావిలో పడిందన్నారు. అప్పటినుంచీ... తాళమేసిన ఇంట్లో రాత్రిళ్లు తిరగలి తిరుగుతోంది.

సర్కారు ఇల్లున్న చోట అధికారికి ఇంటి భత్యం ఇవ్వరు. గాబ్రియేలు తర్వాత వచ్చినాయన, ఆ ఇల్లు కాపురానికి పనికిరాదని పైవాళ్లకు రాసి, భత్యం పుచ్చుకుని, బజారులో దర్జాగా అద్దెకున్నాడు. దెయ్యం వల్ల బాగుపడిన వాడు ఆయనొక్కడే.

ఆయన బదిలీ మీద పోగా వచ్చిన ఏసురాజుకు ఆ దారీ లేదు. భత్యం వచ్చినా, కిరస్తానీకి బజారులో ఇల్లిచ్చేదెవరు? అడిగిన ప్రతి వాకిలీ మూసుకుంది. చూడబోతే భార్య కృపమణికి నెలలు నిండాయి. ఎల్లుండి బండి దిగుతుంది. పురిటికి ఒక కప్పు కావాలి.

"ఆ ఇంట్లోకి వద్దు సామీ" అన్నాడు బంట్రోతు తిమ్మయ్య, తాళంచెవి ఇస్తూనే. "శానా చెడ్డది."

"దానికంటే చెడ్డోళ్లను పొద్దన్నుంచీ చూస్తాండా తిమ్మయ్యా."

మాటైతే అన్నాడు గానీ, లాంతరు పట్టుకుని గడప దాటేముందు రెండుసార్లు వెనక్కి చూసుకున్నాడు. ముందుగదిలో చాప పరిచాడు. ప్రార్థన సగంలో ఉండగా...

గర్ర్... గర్ర్...

వంటింట్లోంచి —

పైప్రాణాలు పైనే పోయాయి. పారిపోదామనుకున్నాడు. పారిపోతే కృపమణిని ఎక్కడ దించాలి? లేచాడు. లాంతరు పట్టుకుని వంటింటి తలుపు తోశాడు.

తిరగలి ఆగింది. చీకట్లో తెల్లచీర... జుట్టు నిండా పిండి...

"దీపం తగ్గించప్పా" అని గుసగుసలాడింది. "బయటికి కనపడతాది."

"ఎ... ఎవరమ్మా?"

"గాబ్రియేలు పెళ్లాన్ని. ఆయన్ని పూడ్చిన మర్నాడే ఇల్లు ఖాళీ చేయమనిరి. కులం కానోణ్ని చేసుకుంటినని పుట్టింటోళ్లు రానీరు. యాడికి పోదును? పెరటి తలుపు తోసుకోని మళ్లా ఈడికే వస్తిని. పాలెం ఆడోళ్లు చాటుగా జొన్నలు తెచ్చిస్తారు. విసిరి బతుకుతాండా."

"బావిలో పడినావని ఊరంతా..."

"అననీలేప్పా. చచ్చినోళ్లను ఎవురూ ఇల్లు ఖాళీ చేయమనరు గదా."

ఏసురాజుకు భయం పోయింది. పొద్దంతా తాను ఎక్కి దిగిన గడపలన్నీ గుర్తొచ్చాయి. ఆమె ఎదురుగా నేలమీద కూలబడ్డాడు. తెల్లవారిందాకా ఇద్దరూ మాట్లాడుకున్నారు.

పొద్దున తిమ్మయ్య వాకిట్లోకి రాకుండా దూరంగానే నిలబడ్డాడు.

"కనపడిందా సామీ?"

"కనపడింది. వంటిల్లు ఆమెది, ముందుగది మాది. కృపమణికి పురుడు ఆమే పోస్తాదంట."