ఒకే నంబరు, రెండు రసీదులు

శుక్రవారం పొద్దున్నే, ఇంకా ఆఫీసు ఊడవకముందే, జగ్గయ్యపేట బస్టాండు వెనక వీధిలో వాసవాంబ డిటెక్టివ్ ఏజెన్సీ మెట్ల మీద ఒకావిడ కూర్చుని ఉంది. వానకి తడిసిన కొంగు పిండుకోవాలన్న ధ్యాస కూడా లేదు. ఫోన్ని మాత్రం ప్లాస్టిక్ కవర్లో చుట్టి గుండెలకి హత్తుకుంది. అక్షయ తలుపు తీసి లోపలికి రమ్మంది.

"నేను అబద్ధాలకోరుని కాదని మీరు తేల్చాలమ్మా," అంది ఆవిడ, కూర్చోకుండానే.

అక్షయ ఆ ఏజెన్సీలో అసిస్టెంటు. నాలుగేళ్ళ కిందట సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం మానేసి వాసవాంబ దగ్గర చేరింది. జీతం తగ్గినా తెలివి పెరిగిందని ఆమె వాదన. వాళ్ళమ్మ ఇంకా ఒప్పుకోలేదనుకోండి. ఇక వాసవాంబ సంగతంటారా, ముప్పయ్యేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. పొట్టిగా, సోడాబుడ్డి కళ్ళద్దాలతో, పప్పులు కొలిచే షావుకారమ్మలా కనిపిస్తుంది. అలా అనుకుని నోరు జారినవాళ్ళు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు.

వచ్చినావిడ పేరు సుభాన్‌బీ. పెనుగంచిప్రోలులో మున్నేటి ఒడ్డున ఇల్లు, ఇంట్లోనే కుట్టుమిషను. నందిగామలో ఎరువుల కొట్టున్న శ్రీమన్నారాయణ ఆరేళ్ళుగా మున్నేటి మట్టం చెప్పే వెబ్‌సైటు ఒకటి సొంతంగా నడుపుతున్నాడు. ఒడ్డునున్న ఊళ్ళలో తలా ఒకరు రోజుకి నాలుగుసార్లు వంతెన స్తంభం మీది అడుగుల గుర్తులు చూసి అందులో వేస్తారు. కింది ఊళ్ళ రైతులు అది చూసుకుని ఏటిలో పెట్టిన మోటార్లు పైకి లాక్కుంటారు. ఆ పనికి మొట్టమొదట ఒప్పుకున్నది సుభాన్‌బీయే. పైసా పుచ్చుకోలేదు. ఏరు తన గుమ్మం ముందే పోతుంటే చూసి చెప్పడానికేం పోయిందని ఆమె మాట.

మొన్న బుధవారం ఏరు పొంగింది. కింది ఊళ్ళలో పద్దెనిమిది మోటార్లు మునిగాయి. వెబ్‌సైటులో పెనుగంచిప్రోలు గడి ఆరు రోజులుగా ఖాళీగా ఉందట. రత్నబాబు అనే రైతు పదిమందిని వెంటేసుకుని ఆమె ఇంటిమీదికి వచ్చాడు. చూడకుండా నిద్రపోయి, ఇప్పుడు వేశానని బొంకుతోందని వీధిలో నిలబెట్టి అరిచాడు. ఆ మాట విన్నాక ఆమె మిషను తొక్కలేదు, అన్నం ముట్టలేదు.

"మోటార్లు పోయినందుకు వాళ్ళ కడుపు మండింది, నిజమేనమ్మా. కానీ నేను వేశా. వేసింది నా ఫోన్లో కనపడతంది కూడా. వాళ్ళ ఫోన్లో లేదంట. నా మాట పోయాక ఇక ఆ ఊళ్ళో నేనెట్టా తలెత్తుకోను?"

వాసవాంబ ఆమెకి ముందు కాఫీ ఇప్పించింది. తర్వాత ఫోన్ తీసుకుని ఒకటే చెప్పింది: ఎలా తెరుస్తావో అలాగే తెరిచి చూపించమని. సుభాన్‌బీ తెర మీది ఒక నీటిచుక్క బొమ్మ నొక్కింది. ఆరేళ్ళ కిందట, ఆ వెబ్‌సైటుకి ఇంకా పేరైనా పెట్టకముందు, శ్రీమన్నారాయణ మనుషులు వచ్చి ఆ బొమ్మ పెట్టి వెళ్ళారట. ఫోన్ మార్చినప్పుడు దాన్ని కూడా జాగ్రత్తగా కొత్త ఫోన్లోకి వేయించుకుందట. పేజీ తెరుచుకుంది. ఆరు రోజుల అంకెలూ వరసగా ఉన్నాయి, ప్రతి దాని కింద రసీదు నంబరుతో. మిగతా ఊళ్ళ గడులు మాత్రం కిందటి శుక్రవారం నుంచి ఖాళీ.

"వాళ్ళంతా బద్ధకిస్తన్నారనుకున్నా," అంది సుభాన్‌బీ.

వాసవాంబ నవ్వలేదు. బుధవారం సాయంత్రం నాలుగింటి రసీదు నంబరు, 9220, కాగితం మీద రాసుకుంది. సుభాన్‌బీ కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయాక, ఆ మనిషి అబద్ధమాడుతుందంటే తను నమ్మలేనని అక్షయ అంది. నమ్మకం వేరు, రుజువు వేరు, గొడుగు తియ్యమంది వాసవాంబ.

మొదటి మజిలీ జగ్గయ్యపేటలోనే, షాకీర్ కంప్యూటర్ల షాపు. కిందటి శుక్రవారం సాయంత్రం ఆ వెబ్‌సైటుని నందిగామ కొట్లోని పాత సర్వరు నుంచి తన షాపులోని కొత్త సర్వరుకి మార్చింది అతనే. వానాకాలం జనం ఒక్కసారిగా తెరిచేసరికి పాతది ఆయాసపడుతోందని శ్రీమన్నారాయణే అడిగాడట. ఉన్నదంతా కాపీ చేశాడు, వెబ్‌సైటు పేరు కొట్టినవాళ్ళు కొత్త చోటికే వచ్చేలా తిప్పాడు, పాతది ఆపేయమని ఫోన్ చేశాడు. ఆపేశానని ఆయన చెప్పాడు. మరి సుభాన్‌బీ ఫోన్లో అంకెలెలా ఉన్నాయంటే, సిగ్నల్ లేక ఫోన్లోనే ఆగిపోయి ఉంటాయని అతని అనుమానం. కుర్రాడు బెదిరిపోయి ఉన్నాడు. ఈ మాట నలుగురికీ పాకితే తన షాపుకి ఇంకెవరు వస్తారని అతని బాధ అతనిది.

"9220 రసీదు ఎవరిదో చూడు బాబూ," అంది వాసవాంబ.

షాకీర్ చూశాడు. ఆ నంబరు శనివారం పొద్దున వేరే ఊరివాళ్ళకి ఇచ్చినట్టుంది. అక్షయ ఉత్సాహపడింది. వాసవాంబ మాత్రం థాంక్స్ చెప్పి, నందిగామ బస్సు ఎన్నింటికో కనుక్కోమంది.

శ్రీమన్నారాయణ మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. కానీ సుభాన్‌బీ పేరెత్తేసరికి మొహం ముడుచుకుంది. ఆరేళ్ళు నమ్మానని, ఒక్కరోజు మర్చిపోయానంటే క్షమించేవాణ్ణని, బొంకడం మాత్రం బాగోలేదని అన్నాడు. పాత కంప్యూటరు గురించి అడిగితే షాపు మూలకి చెయ్యి చూపించాడు. అక్కడ బల్ల మీద పట్టు ఉత్తరీయం కప్పి, బొట్టు పెట్టి ఉందా డబ్బా. దాని మీద కొట్లో పిల్లి ముడుచుకుని పడుకుని ఉంది. బయట ముసురు, లోపల చలి. పడుకోవడానికి విత్తనాల బస్తాలో ఎరువుల బస్తాలో లేనట్టు పిల్లి అక్కడే ఎందుకుందో అక్షయకి తట్టలేదు.

ఆ డబ్బా గురించి చెప్పేటప్పుడు మటుకు శ్రీమన్నారాయణ గొంతు మెత్తబడింది. ఏడేళ్ళ కిందట ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫోన్ చేసి ఏరొస్తోందని చెప్పబట్టి తన తమ్ముడి కుటుంబం బతికి బయటపడిందట. ఆ రుణం తీరేది కాదని, కనీసం పదిమందికీ పనికొస్తుందని ఇది పెట్టాడట. దసరాకి తక్కెడతోపాటు దానికీ పూజ చేస్తాడు.

ఇంతలో గాలికి లక్ష్మీదేవి పటం ముందు దీపం రెపరెపలాడింది. గుమాస్తా పరిగెత్తుకుంటూ వచ్చి కిటికీ మూశాడు. శుక్రవారం దీపం కొండెక్కితే అయ్యగారు ఊరుకోరని నెమ్మదిగా సంజాయిషీ చెప్పాడు. వాసవాంబ మజ్జిగ గ్లాసు కింద పెట్టి లేచింది. రేపు పొద్దున తొమ్మిదింటికి అందరం ఇక్కడే కలుద్దామని చెప్పి బయటికి నడిచింది.

బస్సులో అక్షయ ఉండబట్టలేకపోయింది. సుభాన్‌బీ నిజాయితీపరురాలు, షాకీర్ పనిమంతుడు, శ్రీమన్నారాయణ ధర్మాత్ముడు. అందరూ శ్రీవైష్ణవులే, మరి బుట్టెడు రొయ్యలూ ఏమైనట్టు? వాసవాంబ అప్పటికే కిటికీకి తల ఆనించి కునుకు తీస్తోంది.

శనివారం తొమ్మిదింటికి కొట్టు నిండింది. షాకీర్ ఒక పక్క, రత్నబాబు, అతని వెంట నలుగురు రైతులు ఇంకో పక్క. సుభాన్‌బీ గుమ్మం దగ్గరే నిలబడింది. అక్షయ వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

వాసవాంబ తాపీగా మొదలుపెట్టింది. తను ఎక్స్ఛేంజిలో ఉండగా జనం ఇళ్ళు మారేవారు. ఎక్స్ఛేంజివాళ్ళు కొత్త ఇంటికి లైను వేసి, పాత ఇంటి లైను కొయ్యడం ఒక్కోసారి మర్చిపోయేవారు. పాత నంబరు తెలిసినవాళ్ళు చేస్తే ఖాళీ ఇంట్లో ఫోన్ మోగేది. చేసినవాళ్ళకి రింగు వినిపించేది, కాబట్టి వాళ్ళకేం అనుమానం రాదు. ఎత్తేవాళ్ళే ఉండరు.

"రసీదు నంబరు ఫోను తనంతట తను ఇవ్వదు, సర్వరు ఇవ్వాలి. ఒకే నంబరు ఇద్దరికి ఇచ్చారంటే కౌంటర్లు రెండు తెరిచి ఉన్నట్టేగా? మిగతావాళ్ళు పేరు కొట్టి తెరుస్తారు, కొత్త చోటికి పోతారు. సుభాన్‌బీ బొమ్మ పేరు పెట్టకముందుది. దానికి తెలిసింది పాత ఇంటి అడ్రసు ఒక్కటే. ఆగిపోయిన మిషను జవాబు చెప్పదు. ఆరు రోజులూ చెప్పిందంటే అది ఆగలేదు."

షాకీర్ తెల్లబోయి శ్రీమన్నారాయణ వైపు చూశాడు. వాసవాంబ మూలకి వెళ్ళి, పిల్లిని ఎత్తి అక్షయ చేతుల్లో పెట్టింది. ఉత్తరీయం మీద అరచెయ్యి ఆనించి, అందర్నీ వచ్చి ముట్టుకు చూడమంది. డబ్బా వెచ్చగా ఉంది. పిల్లికి తెలిసింది తనకి తట్టనందుకు అక్షయ సిగ్గుపడింది.

"మార్చింది శుక్రవారం సాయంత్రం. అన్నయ్యగారూ, ఆ పూట మీరు దీపమే ఆర్పనివ్వరు. ఇన్ని ప్రాణాలు కాపాడినదాన్ని ఆర్పడానికి చేతులెలా వస్తాయి? తెర ఒక్కటీ ఆపారు. అవునా?"

 శ్రీమన్నారాయణ లేచి నిలబడ్డాడు. చదువుకున్న కుర్రాడు నవ్వుతాడేమోనని ఫోన్లో ఆపేశానని చెప్పానని, శనివారం ఆపుదామనుకున్నానని, శనివారం కూడా మనసొప్పలేదని ఒప్పుకున్నాడు. ఒట్టినే వెలుగుతుంటుంది, ఎవరికేం నష్టమనుకున్నాడట.

ఆయన సుభాన్‌బీ ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"బొంకింది నేనమ్మా. నింద నువ్వు మోశావు. ఆరేళ్ళు ఈ ఏటిని కాచిన దానివి, నీకు దణ్ణం పెట్టాల్సిన పూట నిన్ను నానామాటలన్నాను. మునిగిన మోటార్ల సంగతి నేను చూసుకుంటా. నీ మాట ఎలా తెచ్చివ్వాలో మాత్రం తెలీడం లేదు."

సుభాన్‌బీకి ఏడుపొచ్చింది. పెద్దవారు అలా చేతులు జోడించకూడదని, మీరు ఆ బొమ్మ పెట్టబట్టే నేనూ ఒకరికి పనికొచ్చానని, ఆ మేలు మర్చిపోలేదని అంది. షాకీర్ అప్పటికే పాత సర్వరు ముందు కూర్చున్నాడు. ఆరు రోజుల అంకెలూ టైముతో సహా అందులో భద్రంగా ఉన్నాయి. బుధవారం నాలుగింటికి పదకొండు అడుగులు, "పెరుగుతోంది, జాగ్రత్త" అని కూడా రాసి ఉంది. అక్షయ దాన్ని పైకి చదివింది. రైతులు తలలు దించుకున్నారు. వాసవాంబ కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయింది. ఈవిడ దగ్గర పని నేర్చుకునే అదృష్టం ఎంతమందికి పడుతుందని అక్షయ అనుకుంది.

రత్నబాబు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఒక మాట అనబోయి ఆగాడు, మళ్ళీ అనబోయి ఆగాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఇప్పుడు ఏరు ఎంతుంది?"

సుభాన్‌బీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆటో ఎక్కేముందు చూసి వచ్చా. ఆరింటికి తొమ్మిదిన్నర. నీళ్ళు ఎర్రగా వస్తన్నాయి, పైన గట్టి వాన పడ్డట్టే. మధ్యాహ్నానికల్లా మీ దగ్గరికి వస్తది."

వెబ్‌సైటు తెరిచి చూద్దామని కూడా ఎవరూ అనలేదు. రత్నబాబు ఫోన్ తీసి తమ్ముడికి కలిపాడు. ఉన్నవాటినన్నా వెంటనే పైకి లాగమన్నాడు. అవతలివాడు ఏదో అడిగినట్టున్నాడు.

"ఎవరు చెప్పారేంట్రా," అన్నాడు రత్నబాబు, "సుభాన్‌బీ చెప్పింది."