మూడోసారీ కాలిన కప్పు

"ఒక్క నిమిషం," అన్నాడు మనవాడు.

"మీ నోట్లో ఇంకో మాటే లేదా?" అంది కప్పులమ్మాయి.

ఎందుకు లేవు, బోలెడున్నాయి. గొంతు దాటి రావడం లేదు, అంతే.

వంటింటి సామాన్ల షాపులో మనవాడిది చెకింగ్ పని. వచ్చిన కొత్త గిన్నె మైక్రోవేవ్‌కి పనికొస్తుందో లేదో తేల్చాలి. అదేం బ్రహ్మవిద్య కాదు. ఖాళీ కప్పు, పక్కన గ్లాసులో నీళ్ళు, ఓవెన్‌లో ఒక్క నిమిషం. ఆ తరంగాలు నీళ్ళను వేడెక్కిస్తాయి, మంచి కప్పు జోలికి పోవు. నీళ్ళు వేడెక్కి కప్పు చల్లగా ఉంటే పాస్. కప్పే కాలితే ఇంటికి. అందుకే ఆమె అతనికి 'ఒక్కనిమిషం సార్' అని పేరు పెట్టింది.

మొదటిసారి తను చేసిన మట్టికప్పు కాలినప్పుడు ఆమె ఇంతెత్తున లేచింది. "మా ఇంట్లో చూసుకునే తెచ్చాం! మీ ఓవెన్‌కి నా మీద కక్ష!" అని షాపంతా వినబడేలా అరిచింది. రెండోసారి కాలినప్పుడు అరవలేదు, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. అప్పట్నుంచి మనవాడికి అన్నం సహించదు, కాలు ఒకచోట నిలవదు.

ఈసారి కూడా కాలితే ఆ కప్పుల ఊసెత్తొద్దని మేనేజర్ తెగేసి చెప్పాడు. కప్పులు లేకపోతే ఆమె ఇటువైపు ఎందుకొస్తుంది? పోనీ, కళ్ళు మూసుకుని పాస్ చేసేద్దామంటే, రేపు ఎవరి చెయ్యో కాలితే? ఈ గోల మనసులో సుడులు తిరుగుతుంటే అతను ఓవెన్ ముందు పచార్లు మొదలెట్టాడు.

"లోపల ప్లేటు తిరుగుతోందిగా, మళ్ళీ మీరెందుకు?" అంది ఆమె. పక్కనే అట్టపెట్టె పట్టుకుని నిలబడ్డ వాళ్ళక్క కిసుక్కున నవ్వింది.

టింగ్ మంది. మనవాడు కప్పు ముట్టుకుని ఠక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కాలింది," అన్నాడు, తల ఎత్తకుండానే.

ఆమె కప్పులు పెట్టెలో సర్దసాగింది. అక్క మాత్రం ఊరుకోలేదు. "అయ్యో రాత! తళతళలాడాలని నిన్నంతా నీళ్ళలో నానేసి, పొద్దున్నే పీచుతో తోమి తోమి తెచ్చింది కదయ్యా!"

"అక్కా! ఊరుకో!"

"ఎందుకూరుకోవాలే? మిగతా షాపులకి దుమ్ముతోనే పట్టుకెళ్తావు. ఈయన దగ్గరికొచ్చేసరికి ప్రతిసారీ కప్పులకి తలంటా?"

ఆమె మొహం కందగడ్డయింది. మనవాడు కప్పు తిరగేసి చూశాడు. అడుగున గాజులాంటి పూత లేదు, మట్టి చెమ్మగా ఉంది.

"నానేశారా! పూత లేని చోటునుంచి మట్టి నీళ్ళు తాగేసింది. వేడెక్కింది ఆ నీళ్ళే! ఎండిన కప్పు ఒక్కటుంటే..."

అంటూనే నాలిక కరుచుకున్నాడు. ఉంది. తన బల్ల మీదే, పెన్నులేసుకుని. అది బయటికి తెస్తే గుట్టు రట్టవుతుంది. తేకపోతే ఆమె వెళ్ళిపోతుంది.

తెచ్చాడు.

"ఇది నేను మొదటిసారి తెచ్చిన కప్పు! పగిలిపోయిందన్నారుగా?"

"అబద్ధం చెప్పాను. దాచుకున్నాను."

మళ్ళీ ఓవెన్ తిరిగింది. ఆ నిమిషం ఎంతకీ కదలదే! టింగ్ అనగానే ఈసారి ఆమే చెయ్యి పెట్టింది. గ్లాసులో నీళ్ళు వేడిగా ఉన్నాయి.

"కప్పు చల్లగా ఉంది," అంది నమ్మలేనట్టు.

"అయినా ఇప్పుడు పాస్ చెయ్యలేను," అన్నాడు మనవాడు. "కొన్నవాళ్ళూ కడుగుతారు కదా. అడుక్కి కూడా పూత వేసి తెండి. తప్పెక్కడుందో తెలిసింది కాబట్టి మేనేజర్‌ని నేను ఒప్పిస్తాను."

"అంటే, నాలుగోసారీ రావాలా?"

"రావాలి. కప్పులు పాసయ్యాక కూడా రావాలి. మీరు రాని రోజు నాకేం తోచదు. మీరంటే నాకిష్టం." ఇన్నాళ్ళూ గొంతులో అడ్డం పడ్డదంతా ఒక్క ఉదుటున వచ్చేసింది.

ఆమె తల వంచుకుంది. అక్క పెట్టె కింద పెట్టి నడుం మీద చెయ్యేసుకుంది.

"బాబూ, ఆదివారం ఇంటికి రా. పొద్దస్తమానం ఒక్కనిమిషం సార్ అలా, ఒక్కనిమిషం సార్ ఇలా అని దీని గోల భరించలేక, ఆయనెవరో ఒకసారి తీసుకురండే అంటోంది అమ్మ."

మనవాడు ఆమె వైపు తిరిగాడు. "మరి మీరేమంటారు? ఆలోచించుకోడానికి ఒక్క నిమిషం..."

"అక్కర్లేదు," అంది ఆమె, పెన్నులు మళ్ళీ ఆ కప్పులో వేసి అతని చేతికిస్తూ. "ఆదివారం పొద్దున్నే రండి."