‘చాలు’ వినపడని కాపలా

"నీలం మామిడి పండిందా?"

"ఇంకా పచ్చి. ఉప్పూ కారం అద్దుకుని తినాలి."

కోడ్ సరిపోయింది. తిరుపతి బస్టాండు వెనక సందులో, స్టీలు సామాన్ల గోడౌన్‌లో, బిందెల దొంతర పక్కకు జరిగి తలుపు తెరుచుకుంది. ఏజెంట్ కోమలి లోపలికి అడుగు పెట్టింది.

చీఫ్ సుబ్రమణ్యం తల ఎత్తలేదు.

"కూర్చోకు. టైం లేదు. బంగారుపాళ్యం వెళ్లాలి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. తూకం గదిలో కంప్యూటర్."

"మన కాపలా ఉన్న కంప్యూటరేనా సార్?"

"అదే. ఫ్రీజ్ అవుతోంది. పదే పదే."

కాపలా కోమలికి బాగా తెలుసు. దానికి మాటలు నేర్పింది ఆమె గొంతే.

సిల్వర్ ఫాక్స్ అనే విదేశీ ముఠా ఒక క్షిపణి గైడెన్స్ యూనిట్‌ను దొంగిలించింది. దాన్ని విడగొట్టి, ఎగుమతి అయ్యే గుజ్జు డ్రమ్ముల్లో దాచి చెన్నై పోర్టుకు పంపుతోందని డిపార్ట్‌మెంట్‌కు సమాచారం అందింది. ఫ్యాక్టరీ యజమానికి మాత్రమే చెప్పి, తూకం కంప్యూటర్‌లో బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే ఒక ప్రోగ్రామ్‌ను పెట్టారు. పేరు కాపలా. గుజ్జు అంటిన చేతులతో కీబోర్డు ముట్టుకోలేరు కాబట్టి, ఆపరేటర్ ప్రతి డ్రమ్ము నంబరునూ మైకులో పలకాలి. బరువు తూకం మిషన్ నుంచి దానంతటదే వస్తుంది. లారీ నిండాక "చాలు" అనాలి. ఆ మాట వినగానే కాపలా బరువులన్నీ సరిచూస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే గేటు కడ్డీ లేస్తుంది. ఏ డ్రమ్ములోనైనా గుజ్జు కాక ఇనుము ఉంటే కడ్డీ బిగుసుకుంటుంది, సైరన్ మోగుతుంది.

"అది ఆగిపోతే లారీలు హైవే దాకా నిలిచిపోతాయి," అన్నాడు చీఫ్. "మేనేజర్ గేటు చేత్తో తీయిస్తాడు. అలా రెండు భాగాలు దాటిపోయాయి. మూడోది ఈ రోజు వెళ్తుంది. అసలు ప్రాణం అందులోనే ఉంది. అది లేకపోతే మిగతా రెండూ పాత ఇనుముతో సమానం."

"అనుమానం ఎవరి మీద?"

"ఆపరేటర్ నాగవేణి. ఆమె షిఫ్టులో మాత్రమే ఆగుతోంది. రెండో ఆపరేటర్ విజయవాడ మనిషి. ఆయన షిఫ్టులో ఒక్కసారి కూడా ఆగలేదు. సాయంత్రం చిత్తూరు పోలీసులు ఆమెను తీసుకెళ్తారు. దేశద్రోహం కేసు. ఈలోగా ఆమె ఎలా చేస్తోందో కనిపెట్టు."

బల్ల మీద రెండు వస్తువులు జరిపాడు. కెమెరా ఉన్న బొట్టుబిళ్ల. మైకు, రిసీవర్ ఉన్న చెవికమ్మ.

"నీది ఆ వైపే కదా?"

"వడమాలపేట పక్కన సార్," అంది కోమలి, చిన్నగా.

*

వెలిసిన చుడీదార్, భుజాన టూల్ బ్యాగ్, మెడలో సర్వీసింగ్ మెకానిక్ కార్డు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాయల ట్రాక్టర్లు బారు తీరి ఉన్నాయి. టెంకల కుప్ప మీద ఈగలు ముసురుతున్నాయి.

మేనేజర్ మునిరామయ్య ఆమెను ఎగాదిగా చూశాడు.

"మెకానిక్ అంటే ఎవురో మొగోడు వస్తాడనుకుంటిమే. సరే, వచ్చినావు గదా, సూడు. లోపలేదో దయ్యం ఉండాది."

తూకం గదిలో గోడవార స్టూలు మీద నాగవేణి కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. రబ్బరు గ్లవుజులు ఒళ్లో పెట్టుకుని, వాటి వేళ్లను ఒక్కొక్కటే సర్దుతోంది. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న ముఖం.

కోమలి పని మొదలుపెట్టింది. టాస్క్ మేనేజర్ తెరిచింది. కాపలా పేరు పక్కన "స్పందించడం లేదు" అని ఉంది. మెమరీ చూసింది. ఖాళీ ఉంది. హార్డ్ డిస్క్ బాగుంది. వైరస్ లేదు. మైకు వైరు మార్చింది. ప్రోగ్రామ్‌ను తీసేసి మళ్లీ ఎక్కించింది. కాపలా లేచింది. మైకు మీద ఎర్రలైటు వెలిగింది.

ఒక్కటే వింతగా ఉంది. ఫ్రీజ్ అయినప్పటి రికార్డులో సీపీయూ వాడకం సున్నా. పాడైన ప్రోగ్రామ్ గింజుకుంటుంది, ఫ్యాను హోరెత్తిస్తుంది. ఇది అలా చేయలేదు. ఊరికే కూర్చుంది.

కాపలా చచ్చిపోవడం లేదు. దేని కోసమో ఎదురుచూస్తోంది.

"ఈమె పని చేస్తుండగా ఒక్కసారి చూడాలి," అంది కోమలి మేనేజర్‌తో. "ఒక్క లారీకి నంబర్లు ఈమెనే పలకమనండి."

మునిరామయ్య గొణిగాడు కానీ ఒప్పుకున్నాడు. బయట లారీ వచ్చి నిలిచింది. డ్రమ్ములు ఒక్కొక్కటే తూకం మీదుగా దొర్లాయి. నాగవేణి కిటికీలోంచి చూస్తూ నంబర్లు పలికింది. ఒక్క నంబరూ తప్పలేదు. తెర మీద వరుసలు నిండాయి. చివరి డ్రమ్ము లారీ ఎక్కింది. నాగవేణి మైకు దగ్గరికి వంగింది.

"సాలు."

తెర మీద కొత్త వరుస ఒకటి తెరుచుకుంది. ఖాళీ వరుస. కాపలా ఆగిపోయింది.

"సూసినావా పాపా? నేనేమన్నా ముట్టుకుంటినా?" అంది నాగవేణి. "సాలు అంటాను, ఇది గమ్మునైపోతాది. సాలు, సాలు అని అరిసినా పలకదు."

తెర మీద మరో మూడు ఖాళీ వరుసలు తెరుచుకున్నాయి.

కోమలి కీబోర్డు మీది నుంచి చేతులు తీసేసింది.

సాలు. పొలంలో విత్తనాల సాలు, అంటే వరుస. డ్రమ్ముల సాలు. కాపలాకు తెలిసిన అర్థం అదే. కొత్త వరుస కావాలేమో అనుకుని తెరిచి, అందులో వేయాల్సిన నంబరు కోసం ఎదురుచూస్తోంది. ఎప్పటికీ రాని "చాలు" కోసం ఎదురుచూస్తోంది.

హైదరాబాద్ స్టూడియో గుర్తొచ్చింది. రికార్డింగ్ చేసింది టెక్నికల్ వింగ్ ఆఫీసర్ రూపశ్రీ. నల్ల గాగుల్స్, ఖరీదైన సెంటు, గాజు గ్లాసు మోగినట్టుండే తెలుగు. మాటలన్నీ అయ్యాక అద్దం అవతలి నుంచి చీఫ్ అడిగాడు. "మీ వైపు ఈ మాటలను వేరేగా పలుకుతారా?"

శిక్షణ మొదటి రోజుల్లో కోమలి "సూడండి సార్" అంటే హాలంతా నవ్వింది. ఆ తర్వాత ఏడాది పాటు ఆమె అద్దం ముందు నిలబడి "చ" పలకడం నేర్చుకుంది. అంత కష్టపడి దాచుకున్న దాన్ని రూపశ్రీ ముందు ఎలా ఒప్పుకుంటుంది?

"లేదు సార్," అంది ఆ రోజు. "అందరూ ఇలాగే అంటారు."

చెవికమ్మలో చీఫ్ గొంతు వినిపించింది. "ఏం దొరికింది?"

మైకులో ఒక్కసారి "చాలు" అంటే కాపలా లేస్తుంది. కానీ ఎందుకు లేచిందో చెప్పాలి. నాగవేణి తన వైపే చూస్తోంది.

"ఇంకా చూస్తున్నాను సార్," అంది కోమలి.

బయట హారన్లు మొదలయ్యాయి.

*

ముందు సెంటు వాసన వచ్చింది. తర్వాత నల్ల గాగుల్స్.

"కష్టపడుతున్నావా, కోమలీ?"

రూపశ్రీ తలుపు మూసి గడియ పెట్టింది. చీఫ్ సాయానికి పంపాడేమో అనుకుంది కోమలి. అంతలో హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ బయటికి వచ్చింది. రెండో చేత్తో రూపశ్రీ కోమలి బొట్టుబిళ్లనూ చెవికమ్మనూ ఊడదీసి, బల్ల మీది మామిడి రసం గ్లాసులో వేసింది. అవి బుడగలు వదిలి మునిగాయి.

"సిల్వర్ ఫాక్స్ జీతం మన డిపార్ట్‌మెంట్ కన్నా బాగుంటుంది," అంది తాపీగా. "నీకు థాంక్స్ చెప్పాలి. క్యాంటీన్‌లో టీ పోస్తున్న మనిషితో 'సాలు సాలు' అన్నావు ఒకసారి. గంట తర్వాత స్టూడియోలో అదే మాటను శుభ్రంగా పలికావు. అప్పుడే అర్థమైంది. కాపలా డిక్షనరీలో 'సాలు' అంటే వరుస అని ఒక్క మాట చేర్చాను. అంతే. మిగతాది నీ అబద్ధం చూసుకుంది."

కిటికీ బయట మునిరామయ్య కేక వినిపించింది. "ఎంతసేపప్పా? కాయ మురిగిపోతా ఉండాది. తాళంచెవి తెచ్చి గేటు తియ్యండి."

పిస్టల్ నాగవేణి వైపు తిరిగింది.

"ఆ మాట నీ నోట్లోంచి వస్తే ఈమె ఉండదు. లారీ గేటు దాటేదాకా బొమ్మలా నిలబడు."

నాగవేణి పిస్టల్‌ను చూడటం లేదు. కోమలిని చూస్తోంది.

"ఈయమ్మ ఏమంటా ఉండాది? నీకు ముందే తెలుసునా?"

కోమలి నోరు తెరిచింది. శుభ్రమైన తెలుగు రాలేదు.

"అక్కా, మాది వడమాలపేట కాడ. నేనూ సాలు అనే అంటాను. మా నాయనా, మాయమ్మా అందురూ అట్లే అంటారు. మీ పక్క వేరేగా అంటారా అని అడిగితే లేదని సెప్పేసినాను. నగుతారని. నా వల్లే నిన్ను దొంగని సేసినారు."

"అట్నా," అంది నాగవేణి. "ఈడ నన్ను దినామూ దొంగ అంటా ఉండారు. నా బిడ్డ ఇస్కూలికి పోనని ఇంట్లో కూసోనుండాది. నువ్వు నగుతారని బయపడితివా?"

"తప్పే అక్కా."

"ఇప్పుడు కూడా. నేను సాలు అన్నెప్పుడు నీ మొగం తెల్లబోయ. నేను సూసినా. అప్పుడన్నా సెప్పినావా?"

"లేదు. బయపడినాను."

అప్పుడు కనిపించింది కోమలికి. మైకు మీద ఎర్రలైటు. కాపలా ఇంకా వింటూనే ఉంది. ఈ ఏడుపంతా వింటూ, ఒక్క మాట కోసం ఎదురుచూస్తోంది.

బయట తాళం తిరిగిన చప్పుడైంది. గేటు కడ్డీ మెల్లగా పైకి లేస్తోంది. లారీ ఇంజన్ గుర్రుమంది.

కోమలి ఆపలేదు. ఇంకా గట్టిగా ఏడ్చింది. "నన్ను ఏమన్నా అను అక్కా. సెప్పుతో కొట్టు. నా నోరు పడిపోవాల. నిన్ను ఇట్లా సేసినదాన్ని నేను—"

"కొడతాను పాపా, కొట్టకుండా ఇడుస్తానా? నీకేం, పట్నంలో సదివినదానివి. బోర్డు స్కూల్లో నీకు మాట నేర్పిన అయ్యవారు ఇంటే—"

"మా అయ్యవారూ సాలు అనే అంటాడక్కా—"

"అంటాడు, అనకుండా—"

"అబ్బబ్బా, చాలు!" అంది రూపశ్రీ. "ఇద్దరూ నోరు మూయండి."

గాజు గ్లాసు మోగినట్టు వినిపించింది ఆ "చాలు".

తెర వెలిగింది. ఖాళీ వరుసలు మాయమయ్యాయి. అంకెలు పరుగెత్తాయి. ఒక డ్రమ్ము నంబరు ఎర్రగా మారింది. లారీ ముందు చక్రాలు గేటు గీత తాకుతుండగా కడ్డీ ధడాలున కిందపడి బిగుసుకుంది. సైరన్ ఫ్యాక్టరీ అంతా మారుమోగింది.

రూపశ్రీ ఒక్క క్షణం తెర వైపు చూసింది. నాగవేణికి ఆ క్షణం సరిపోయింది. ఏళ్ల తరబడి డ్రమ్ములు దొర్లించిన చేయి పిస్టల్ పట్టుకున్న మణికట్టును పట్టింది. పిస్టల్ కింద పడింది. కోమలి దాన్ని అందుకునేసరికి గాగుల్స్ కూడా కింద పడి ఉన్నాయి.

*

ఎర్ర నంబరు డ్రమ్మును తెరిచారు. గుజ్జు అడుగున, ప్లాస్టిక్ సంచిలో, మూడో భాగం దొరికింది. చిత్తూరు నుంచి వచ్చిన పోలీసు జీపు, అనుకున్నట్టే ఒక ఆడమనిషిని ఎక్కించుకుని వెళ్లింది. మనిషి మాత్రం మారింది.

మునిరామయ్య నాగవేణి దగ్గరికి వచ్చి, "ఏందో మా, జరిగిపోయ. రేపట్నుంచి డూటీకి రా," అని, ఆమె మొహం చూడకుండానే వెళ్లిపోయాడు.

నాగవేణి గ్లవుజులు కడుక్కుంటోంది. కోమలి కొళాయి పక్కన నిలబడింది.

"ఒక మాట అడుగుతా, నిజం సెప్తావా?" అంది నాగవేణి. "ఆ ఏడుపు నిజంగానేనా? ఆ గాగుల్సు ఆమెని మాట్లాడించేదానికా?"



"మొదట నిజమే అక్కా. మద్దెలో లైటు కనిపిచ్చింది."

"ఊఁ," అంది నాగవేణి. కొళాయి కట్టేసింది. "నేను మాత్రం కడదాకా నిజంగానే తిట్టినా."

గ్లవుజులు దులిపి తీగ మీద ఆరేసింది.

చీకటి పడకముందే చీఫ్ కారులో దిగాడు. తూకం గదిలోకి వచ్చి కాపలాను చూశాడు, కోమలిని చూశాడు.

"బాగా చేశావు. రిపోర్టులో డిక్షనరీని మార్చింది రూపశ్రీ అని రాద్దాం. తప్పంతా ఆమెదే. నీ పేరు రానక్కర్లేదు."

తేలికైన దారి. కాగితం మీద నిజం కూడా. కిటికీ అవతల, తీగ మీద రెండు గ్లవుజులు గాలికి ఊగుతున్నాయి, ఎవరో రెండు చేతులూ ఎత్తి నిలబడినట్టు.

"కాదు సార్," అంది కోమలి. "ఆ రోజు మీరు నన్ను అడిగినారు. నేను లేదన్నాను. అది అబద్ధం. ఈ పొద్దు మళ్లీ అడిగినారు. అప్పటికే నాకు తెలుసు. సూస్తున్నానని సెప్పినాను. అది కూడా అబద్ధమే. రెండూ రాయండి. ఈసారి కాపలాకి నేర్పించేదానికి నాగవేణక్క గొంతు తీసుకోండి. ఆమె ఒప్పుకుంటే."

చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కోమలి పలికిన మాటల తీరు ఆయన మొదటిసారి వింటున్నాడు. నవ్వలేదు.

"రాస్తాను. ఇంకేమైనా చెప్పాలా?"

"సాలు సార్."

వాళ్ల వెనక, బల్ల మీద, కాపలా బుద్ధిగా ఇంకో కొత్త వరుస తెరిచింది.