తొలి మంచులోపు ఎర్రబడాలి

"దిగువకు వెళ్తానన్నాడా! అయితే బట్టలూ, కత్తీ, పొద్దున్నే వేసే ఆ ఈలతో సహా మూట కట్టుకుని పొమ్మను! మళ్ళీ ఈ గుమ్మం తొక్కక్కర్లేదు!"

దెమా ఆ మాట అని పొయ్యిలోకి కట్టె విసిరింది. నిప్పురవ్వలు లేచాయి. పొయ్యి పక్కన పడుకున్న పిల్లి, ఎందుకైనా మంచిదని, తనూ లేచి గుమ్మం వైపు నడిచింది.

కూతురు చిమీకి పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు... ఆ ఎగువ బుమ్‌తాంగ్ లోయలో ఇల్లూ పొలమూ ఆడపిల్లవి. మొగుడే మూటతో వచ్చి చేరతాడు. అత్తగారికి నచ్చకపోతే అదే మూటతో వెళ్తాడు. చిమీ మొగుడు ఖందు చేసిన నేరమల్లా ఒక్కటే. వచ్చే కోతలయ్యాక ఊళ్ళో మగవాళ్ళతో కలిసి, గుర్రాలతో కనుమ దాటి దిగువనున్న కుర్తో వెళ్ళి, బంగాళాదుంపలిచ్చి ఎండుమిరపకాయలు తెస్తానన్నాడు. కుర్తో వాడి పుట్టిల్లు. పైగా చలికాలమంతా మిరపకాయ లేకుండా బతకడం ఆ లోయలో ఎవరివల్లా కాదు. ఇంటికి కప్పు లేకపోతే ఏదోలా సర్దుకుంటారు!

"అత్తమ్మా, నేను వెళ్ళిపోవడానికి కాదు... మిరపకాయలు తేవడానికే..." అన్నాడు ఖందు, చేతులు నలుపుకుంటూ.

"చిమీ నాన్నా అచ్చం ఆ మాటే అన్నాడు! ఇది అప్పటికి పాకుతోంది. బస్తా వచ్చింది. గుర్రం వచ్చింది. మనిషి రాలేదు!"

తండ్రి ముఖం ఎలా ఉంటుందో కూడా చిమీకి తెలియదు. అయినా తలెత్తింది.

"అమ్మా! మిరపకాయలు మన పెరట్లోనే కాస్తే, ఎవరూ దిగువకు వెళ్ళక్కర్లేదుగా?"

వెన్న టీ తాగుతున్న పక్కింటి యూడెన్ పిన్నికి పొలమారింది. "ఇక్కడా! మన ఊరికి వేసవి ఎంతసేపు వస్తుందో తెలుసుటే? పోయినేడు మా ఆయన మధ్యాహ్నం కునుకు తీశాడు. లేచేసరికి అయిపోయింది!"

దెమా మాత్రం నవ్వలేదు. కూతురి వైపు తిరిగింది. "కాయించు చూద్దాం. పచ్చిది కాదు... దాచుకోవడానికి పనికొచ్చే ఎర్రకాయ! గుర్రాలు బయల్దేరేలోపు నా చేతిలో పెడితే వాడు ఇక్కడే ఉంటాడు. లేదంటే మూట!"

"పెడతానమ్మా!" అంది చిమీ. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

బయట మోకాలి లోతు మంచు ఉండగానే పొయ్యి పక్కన చెక్క పెట్టెలో నారు పోశారు. చలి ముదిరితే ఖందు ఆ పెట్టెను తన దుప్పట్లోకి లాక్కునేవాడు. చిమీ గోడకు అతుక్కుపోయేది.

"నీకు పెళ్ళాం నేనా, ఆ నారా?"

"నువ్వేనే! కానీ చలిగాలి తగిలితే నువ్వు వాలిపోవుగా?"

నేల కాస్త వెచ్చబడ్డాక మొక్కలు నాటి, వెదురు బద్దలు వంచి, పైన ప్లాస్టిక్ గుడ్డ కప్పారు. ఎండ రాగానే తెరవడం, కొండ నీడ పడకముందే మూయడం... కన్నబిడ్డను కూడా అలా చూసుకోరు! పూత వచ్చింది. కాయలు దిగాయి. పచ్చగా, నిగనిగలాడుతూ, వేలెడంత కాయలు! చిమీ ఆనందానికి హద్దు లేదు.

కానీ ఆ కాయలు మాయమవడం మొదలైంది!

ఖందు మొదట కాకుల్ని అనుమానించాడు. తర్వాత యూడెన్ పిన్ని దూడని. తర్వాత యూడెన్ పిన్నినే. చివరికి, "ఇది దయ్యం పనే!" అని తేల్చాడు. దయ్యాన్ని వదిలించడానికి ఆ లోయలో ఒకటే మందు... ఎండుమిరపకాయల పొగ! ఆ ఘాటుకు ఎంత మొండి దయ్యమైనా ఏడుస్తూ తన పేరు చెప్పి తీరుతుంది. ఇంట్లో మిగిలిన ఆఖరి గుప్పెడు ఎండుమిరపకాయలు తెచ్చి నిప్పుల మీద పోశాడు, మిరపకాయల దొంగను పట్టడానికి!

ఇల్లంతా పొగ! యూడెన్ పిన్ని కిటికీలోంచి సగం బయటికి వేలాడింది. దెమా అంగీ చేతి అంచు నోట్లో కుక్కుకుంది.

"చెప్పు! ఎవరు నువ్వు? నా కాయలెందుకు తింటున్నావు?" అని దగ్గుతూనే గర్జించాడు ఖందు.

"నేనే!" అని భోరుమంది చిమీ. "నేనేనయ్యా తిన్నాను! ఎర్రబడేదాకా ఆగుదామనే అనుకున్నాను... పచ్చికాయ కనబడితే చెయ్యి ఆగలేదు! కడుపులో ఉన్నవాడు ఆగనివ్వలేదు!"

ఖందు నోరు తెరిచాడు. పొగ లోపలికి పోయింది. సంతోషమో దగ్గో తెలియకుండా నేలమీద కూలబడ్డాడు.

"నా బిడ్డకు తండ్రి లేకుండా నా నోటితో నేనే చేసుకున్నానమ్మా..." అంటూ చిమీ తల్లి మోకాళ్ళ మీద వాలిపోయింది. దెమా చెయ్యి కూతురి జుట్టు మీదికి వెళ్ళింది... ఒక్క క్షణం ఆగింది. "కొమ్మన ఇంకా కాసిని ఉన్నాయి. అవి ఎర్రబడాలి. మాట మాటే!" అని లేచి వెళ్ళిపోయింది.

గుర్రాలు బయల్దేరే ముందురోజు సాయంత్రం ఆకాశం గాజులా తేటపడింది. అంటే రాత్రికి మంచు పడుతుందని అందరికీ తెలుసు. తెల్లవారుతూనే చిమీ పెరట్లోకి పరిగెత్తింది. గడ్డి తెల్లగా నెరిసిపోయింది! యూడెన్ పిన్ని గుమ్మడి పాదు నల్లగా చచ్చిపడి ఉంది! ప్లాస్టిక్ గుడ్డ ఎత్తింది...

లోపలినుంచి వెచ్చటి ఆవిరి ముఖానికి కొట్టింది.

మొక్కల మధ్య వరసగా గుండ్రటి రాళ్ళు. దెమా స్నానపు రాళ్ళు! మోకాళ్ళ నొప్పులకు ఆ రాళ్ళను ఎర్రగా కాల్చి, చెక్కతొట్టి నీళ్ళలో వేసుకుని కూర్చుంటేనే ఆవిడ మర్నాడు నడవగలిగేది. వాటిని ఇంకెవరైనా తాకితే ఆవిడ అరుపుకు ఎదురుకొండ మీద జడలబర్రెలు పాలివ్వడం మానేసేవి! ఇప్పుడు ఆవిడే పట్టకారుతో ఒక్కో రాయీ మోసుకొచ్చి, చివరి రాయి పక్కనే, ప్లాస్టిక్ నెత్తిమీద కప్పుకుని ముడుచుకు కూర్చుంది.

"అమ్మా! నీ మోకాళ్ళు..."

"అరవకు, చలిగాలి లోపలికొస్తుంది." దెమా పట్టకారుతో ఒక రాయిని మొక్క దగ్గరికి జరిపింది. "మీ నాన్న వెళ్ళేరోజు నేనేమన్నానో తెలుసుటే? మంచి కాయలు ఏరి తెమ్మన్నాను. అంతే! ఒక్కమాట, ఒక్కసారి... ఉండిపొమ్మని అనలేదే..."

చిమీ తల్లిని రెండు చేతులా వాటేసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. ఎవరూ కాయలు మాత్రం తొక్కలేదు.

ఎండెక్కేసరికి గుమ్మం ముందు గుర్రాలు నిలబడ్డాయి. ఖందు మూట కట్టుకుని, తలవంచుకుని నిలుచున్నాడు. చిమీ ఒక కాయ కోసి తల్లి అరచేతిలో పెట్టింది. తొడిమ దగ్గర నుంచి ఎరుపు. కొస మాత్రం ఇంకా పచ్చగానే ఉంది!

"సగమేగా ఎర్రబడింది! మాటంటే మాటే మరి, దెమా!" అంది యూడెన్ పిన్ని.

దెమా కాయను ఎండలో అటూ ఇటూ తిప్పి చూసింది. పచ్చటి కొసను కసుక్కున కొరికి, నమిలి మింగేసింది. మిగిలిన ముక్కను అందరికీ కనబడేలా పైకెత్తింది.

"పచ్చ ఎక్కడుందే?"

యూడెన్ పిన్ని వెతికింది. ఎక్కడా లేదు.

"మాకు కావలసిన కాయలు మీ ఆయన్ని తెమ్మను. ఆయన కునుకు తీసి లేచేలోపు గుర్రం కుర్తో దాటిపోకుండా చూసుకో!" అని దెమా ఇటు తిరిగింది. ఇంతవరకు 'వాడు' తప్ప ఇంకో మాట ఎరగని ఆ నోరు ఒక్క క్షణం తడబడింది.

"అల్లుడూ... లోపలికి రా నాయనా. ఉండిపో."