నలభై ఒక్క వేలిముద్రలు

లేబర్ ఇన్‌స్పెక్టర్ శవం చౌటుప్పల్ దగ్గర రోడ్డు పక్క గుంటలో దొరికింది. లారీ గుద్దిందని రాసుకుని చేతులు దులుపుకున్నారు. లారీ గుద్దిన మనిషి చెవి వెనక తుపాకీ గుండు ఎలా దిగిందో మాత్రం ఎవరూ రాయలేదు.

"ఇది అతని మేజోడులో దొరికింది," హైదరాబాద్ ఆఫీసులో చీఫ్ ఒక కాగితం ముందుకు తోశాడు. "కార్బన్ కాపీ. చదువు, సెవెంటీన్."

ఏజెంట్ సెవెంటీన్, అంటే బీరప్ప, చదివాడు. అది ఫారిఖతు. చౌటుప్పల్ హాల్విక్ ఫ్యాక్టరీలో రిఫ్రిజిరేటర్ల పిడులకు యాసిడ్ తొట్లలో మెరుగుపూత వేసే కూలీలు హక్కులన్నీ వదులుకుంటూ రాసిచ్చినట్టుంది. మాకు జబ్బుల్లేవు, పింఛను అక్కర్లేదు, వాగులో కలిసిన యాసిడ్ గురించి ఫిర్యాదు లేదు అని. కింద నలభై ఒక్క పేర్లు, ప్రతి పేరు పక్క 'వేలిముద్ర' అని.

"సర్కారుతో కంపెనీ చేసుకున్న అగ్రిమెంట్ వేరు," అన్నాడు చీఫ్. "జబ్బుపడ్డవాళ్లకు బతికినన్నాళ్లూ పింఛను. ఫ్యాక్టరీ వదిలి వెళ్లేముందు వాగు శుభ్రం చెయ్యాలి. ఈ కాగితం చెల్లితే రెండూ గోవిందా. మేనేజర్ వాన్‌డెక్ ముఠా మూడు దేశాల్లో ఇలాగే ఫ్యాక్టరీలు అమ్ముకుని మాయమైంది. పద్నాలుగున పదకొండు గంటలకు నల్లగొండలో హియరింగ్. సాయంత్రం వాళ్ల ఫ్లైట్. ఆలోపు ఫోర్జరీ అని ప్రూవ్ చెయ్. లోపల మన మనిషి ఒకరున్నారు. ఎనీ క్వశ్చన్స్?"

బీరప్ప కళ్లు నాలుగో పేరు దగ్గర ఆగిపోయాయి. గుర్వయ్య, తండ్రి బీరన్న, ఊరు తిరుమలగిరి. సొంత అన్న. గొర్రెల మంద అమ్ముకుని, తొమ్మిదేళ్లు ఆ తొట్ల దగ్గర పనిచేసి, తమ్ముణ్ణి ఎం.ఏ. చదివించిన అన్న. మూడేళ్లుగా బీరప్ప ఆ గడప తొక్కలేదు. దేశసేవ మంచి సాకు, ఎంతటివాడికైనా చక్కగా అతుకుతుంది.

మారువేషానికి మేకప్‌మన్ అవసరం రాలేదు, అది పుట్టిన వేషమే. గొంగడి, చేతికర్ర, కిరాయికి తెచ్చిన పన్నెండు గొర్రెలు. సున్నపు డబ్బీలో అగ్గిపెట్టెలో సగమంత కెమెరా. వాగు దగ్గర గొర్రెలు పచ్చగా మెరిసే నీళ్లను వాసన చూసి, దాహంతోనే వెనక్కి తిరిగాయి.

ఫ్యాక్టరీ కారు వచ్చి ఆగింది. నైలాన్ చీర, నల్లద్దాలు, పెదాలకు రంగు. వాన్‌డెక్ సెక్రటరీ యాదలక్ష్మి. తాళ్లెక్కే కాటమయ్య బిడ్డ అంటే ఎవరూ నమ్మరు.

"వాన పడేటట్టున్నదా?" అందామె.

"మా దిక్కు మబ్బులకు కిరాయెక్కువ."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "గా వేలిముద్రలు బొంబాయిల ముఠావోళ్లు పెట్టిండ్రు. అసలు కాయితం దొర తిజోరీల ఉన్నది. నీ కెమెరా గిటియ్యి, నేను ఫోటో తీస్త."

బీరప్ప సున్నపు డబ్బీ ఇచ్చాడు. మర్నాడు ఫ్యాక్టరీ కంచె పక్క గొర్రెలు మేపుతూ చూస్తే, ఆమె వరండాలో నవ్వుతూ ఆ డబ్బీని వాన్‌డెక్ చేతిలో పెడుతోంది. డబుల్ ఏజెంట్! నాలుగేళ్ల సర్వీసులో అతను ఇంత తేలిగ్గా ఎన్నడూ మోసపోలేదు.

ఇక మిగిలింది అన్న ఒక్కడే. కార్మికుల గుడిసెల్లో గుర్వయ్య గోడకు చేరగిలి దగ్గుతున్నాడు. మే నెల ఎండలో మెడదాకా గొంగడి కప్పుకున్నాడు.

"తిన్నవా తమ్మీ?" అన్నాడు, మూడేళ్ల తర్వాత మొదటి మాటగా. వదిన బక్కమ్మ జొన్న గటక తెచ్చి పెట్టి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆమె తిట్టినా బాగుండేదనిపించింది బీరప్పకు.

"అన్నా, నువ్వు ఫారిఖతు మీద నిశాని పెట్టినవా?"

"పెట్టలే. పైసల గల్ల కాడ ఇత్తడి బిల్ల చూపిస్తే జీతమిస్తరు. మమ్ముల నిశాని ఎవ్వడడిగిండు?"

"గింత ఎండల గొంగడెందుకే?"

"సలిజరం," అని గుర్వయ్య చేతులు ఇంకా లోపలికి ముడుచుకున్నాడు. శత్రువు బూటు మీది దుమ్ము చూసి ఊరు చెప్పగల బీరప్ప, ఆ మాట నమ్మి లేచి వచ్చాడు.

పద్నాలుగు. నల్లగొండ కచ్చేరీ. బీరప్ప గొంగడితోనే వెనక బల్ల మీద కూర్చున్నాడు, చేతిలో ఒక్క సాక్ష్యం లేకుండా. హియరింగ్ మొదలై అరగంటైంది. ఆఫీసరు ఫారిఖతు మీద వెయ్యడానికి స్టాంపు సిరాలో అద్దాడు.

బయట లారీ ఆగింది. యాదలక్ష్మి లోపలికి వచ్చింది, వెనకే కూలీలు, వాళ్లలో గుర్వయ్య.

"ఆగుండ్రి సార్! ముందు గీళ్ల చేతులు చూడుండ్రి."

కూలీలు చేతులు చాపారు. ఆఫీసరు భూతద్దం తీసుకుని ఒక్కొక్క వేలే చూశాడు. ఒక్కదాని మీదా గీత లేదు. యాసిడ్ ఏళ్ల తరబడి తిని, వేళ్లన్నీ గాజులా నున్నగా అయిపోయాయి. కాగితం మీద మాత్రం నలభై ఒక్క ముద్రల్లో సుడులు పొల్లుపోకుండా ఉన్నాయి.

"మా బాపు గూడ తాళ్లెక్కుడు ఇడిసి గీ తొట్ల కాడ్నే పనిజేసిండు. చచ్చిపోయేటప్పుడు చెయ్యి పట్టుకున్న. అప్పుడు తెల్సింది," అంది యాదలక్ష్మి. బీరప్ప వైపు తిరిగింది. "కెమెరా ఇచ్చినంకనే దొర నన్ను నమ్మి, కూలోళ్లను దూరం తోలుకపొమ్మని లారీ ఇచ్చిండు. ఏమనుకోకు."

ముందు బల్ల మీది వాన్‌డెక్ సిగరెట్ లైటర్ తీశాడు. అందులో దాచిన తుపాకీ మూతి ఆమె గుండెకు గురిపెట్టి ఉంది. బీరప్ప గొంగడి గాలిలో లేచి అతని తల మీద పడింది. గుండు కప్పులోకి పోయింది. పోలీసులు వాన్‌డెక్‌ను పట్టుకున్నారు. స్టాంపు తడి ఆరిపోయింది.

బీరప్ప అదేమీ చూడలేదు. అన్న చేతులు పట్టుకుని నిలబడ్డాడు. తన డిగ్రీ ఖరీదు ఇదన్నమాట.

"నువ్వు చూస్తే సదువు మీద మనసు ఇరిగిపోతదని దాసిన," అన్నాడు గుర్వయ్య. బీరప్ప అందరి ముందూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మరుసటేడు బొంబాయి ముఠా జైలుకు పోయింది, పింఛను ఆర్డరు వచ్చింది. వాగు శుభ్రం చేసే పని ఇంకా మొదలు కాలేదు. సెలవు పెట్టి బీరప్ప అన్నను ఖజానాకు తీసుకెళ్లాడు. గుమస్తా రిజిస్టరు తిప్పాడు. గుర్వయ్య వేలు అద్దాడు. నల్లటి మరక పడింది. మళ్లీ అద్దాడు, మళ్లీ మరకే.

"ముద్ర స్పష్టంగా లేకపోతే ఇవ్వకూడదండీ. రూలు," అన్నాడు గుమస్తా.

గుర్వయ్య సిరా వేలిని గొంగడికి తుడుచుకున్నాడు.

"తమ్మీ, గా బొంబాయి దొంగలు జైల్ల ఉత్తగనే కూసున్నరు గద. నెలకోపారి ఒక్కని ఏలు కిరాయికి ఇప్పియ్యరాదు?"