మర్జాన్ తోటలో ఖర్జూరం గది

2023లో దుబాయ్ అవతల రాస్ అల్ ఖైమా దగ్గర మర్జాన్ తోటలో పాత మట్టి ఇల్లు బాగుచేసే పని దొరికింది. మేస్త్రీలం ఇద్దరమే, నేనూ మా చెల్లెలు తస్లీమా మొగుడు ఇర్షాదూ. మాది రాయచోటి.

ఆ ఇంటి కథ తోట వారసుడు, ముసలాయన ఫరజ్ చెప్పినాడు. వాళ్ల తాత మర్జాన్‌నూ, ఆయన చెల్లెలినీ చిన్నప్పుడే ఆఫ్రికా నుంచి తెచ్చి ఈ తోటలోనే బానిసలుగా అమ్మినారంట. గుప్పెడు పండ్లు తిన్నదని యజమాని ఆ పిల్లను, పండ్ల బస్తాలు పేర్చి పాకం కార్చే ఖర్జూరం గదిలో పెట్టి గడియ వేసినాడు. మరిచిపోయినాడు. విడుదలైనాక మర్జాన్ ఏళ్ల తరబడి కూలి చేసి ఆ తోటనే కొన్నాడు. మొదట చేసిన పని ఆ గది తలుపు పీకేయడం.

ఇప్పుడు ఇల్లు మ్యూజియం అవుతోంది. మొదట ఎట్లుండేదో అట్లే తలుపు పెట్టాలన్నాడు మా ముదీర్, పని చూసే మేనేజరు. ఫరజ్ వద్దని బతిమాలినాడు. మేం పెట్టినాం.

జూలై ఎండ. మధ్యాహ్నం పని ఆపే వేళ. చల్లగా ఉందని ఇర్షాద్ ఆ కిటికీల్లేని గదిలో పడుకున్నాడు. నేను వసారాలో నడుం వాల్చినా. ఆకు కదలడం లేదు. ఎక్కడినుంచో పులిసిన తీపి వాసన... బొట్టు బొట్టుగా ఏదో కారుతున్న చప్పుడు. ఆ గదిలో యాభై ఏళ్లుగా ఒక్క పండు లేదు.

లేచి చూస్తే తలుపు మూసి ఉంది. బయట గడియ పడి ఉంది. నేను వేయలేదు.

లోపల గీకుతున్నారు... ఆడపిల్ల ఏడుపు. సన్నగా.

దువా చదువుకుంటూ తలుపు ముందే నిలబడిపోయినా. పది నిమిషాలు... అంతే. ఏడుపు ఆగినాక గడియ తీసినా.

ఇర్షాద్ గోడకు ఆనుకుని ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయినాయి. గడ్డం బాగా పెరిగింది. గోళ్లు విరిగినాయి.

"ఎన్ని దినాలు పిలిచినా భాయ్," అన్నాడు గుసగుసగా. "నీ నీడ తలుపు కింద కనపడతానే ఉండె."

ఆస్పత్రిలో నర్సు హెప్సీ, నరసాపురం ఆమె, నన్ను పక్కకు పిలిచింది. నెల పైన తిండి లేని ఒళ్లు ఇది, ఎక్కడ కట్టేసి పెట్టారని అడిగింది. ఆ పొద్దునే ఇద్దరం ఒకే పళ్లెంలో ఖుబ్జు రొట్టే పప్పూ తిన్నామని ఎట్లా చెప్పేది?

మూడో రోజు పోయినాడు. గుండె ఆగిందని తస్లీమాకు చెప్పినా.

ఖననానికి ముందు గుసుల్ స్నానం చేయించేటప్పుడు అతని కుడి పిడికిలి విప్పినా. అందులో ఒక పాల పన్ను... దాని మొదలుకు అంటిన నెత్తురు ఇంకా ఆరలేదు.